చర్చికి వెళ్ళని మన ఇళ్ళలో చర్చి ఆనవాళ్ళు: ఆదివారం, కాన్వెంట్, సిస్టర్... ఇంకేమున్నాయి?

#1 హాలె_అబ్బులు (ఆదివారం, మధ్యాహ్నం)

అందరికీ నమస్కారం. ఈ టపా కోపంలో పుట్టింది, ముందే చెప్పేస్తున్నా. నేను జర్మనీలో హాలె అనే ఊళ్ళో ఉంటాను, వచ్చి మూడేళ్ళవుతోంది. నిన్న సాయంత్రం పాలు కొనడం మర్చిపోయాను. ఇవాళ ఆదివారం కాబట్టి మా పేటలో సూపర్ మార్కెట్లన్నీ మూత. ట్రామ్ ఎక్కి రైల్వే స్టేషన్ దాకా వెళ్ళి, అక్కడ తెరిచి ఉన్న కొట్లో ఎక్కువ ధరకి పాలు కొని తెచ్చి తోడు పెట్టుకున్నాను.

విచిత్రం ఏమిటంటే ఇది ఒకప్పటి తూర్పు జర్మనీ. మా ఆఫీసులో పన్నెండు మందిమి. చర్చికి వెళ్ళేవాళ్ళు ఒక్కరూ లేరు, చాలామందికి బాప్తిస్మమే లేదు. కానీ ఆదివారం జోలికి వస్తే మాత్రం ఊరుకోరు. ఆ సెలవు వాళ్ళ రాజ్యాంగంలోనే ఉంది. ఆదివారాన్ని పనికి విరామంగా, మనసుకి మేలు చేసే రోజుగా కాపాడాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగం 139వ అధికరణంలో రాశారు. 1949లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు 140వ అధికరణం పెట్టి దాన్ని ఉన్నదున్నట్టు ఉంచేసుకున్నారు. జనవరి 6న మా రాష్ట్రంలో సెలవు. ఎందుకని అడిగితే "ముగ్గురు రాజులు" అన్నాడు మా టీమ్ లీడ్. ఏ రాజులు, ఎక్కడికొచ్చారు అంటే నవ్వేసి కాఫీకి పోయాడు. పెంతెకొస్తు మర్నాడు సోమవారం కూడా సెలవే. అదేం పండగో వాళ్ళకంటే నాకే ఎక్కువ తెలుసు, చిన్నప్పుడు మా వీధి చివర మైకులో వినేవాణ్ణి కాబట్టి.

ఇంకోటి. ఊళ్ళోకి రాగానే పురపాలక ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. అక్కడ మతం అడుగుతారు. ప్రొటెస్టెంట్ అనో కేథలిక్ అనో రాశారా, ఇక జీతంలోంచి చర్చి పన్ను కోతే. మనం కట్టే ఆదాయపు పన్ను మీద 9 శాతం, బవేరియాలోనూ బాడెన్-వుర్టెంబర్గ్‌లోనూ 8. మనవాడే ఒకడు, గుంటూరు కుర్రాడు, నిజాయితీగా రాసేసి మొదటి జీతం చీటీ చూసి బిత్తరపోయాడు.

ఇదంతా అమ్మకి ఫోన్లో చెప్పుకుని ఏడిస్తే, "మనకి మాత్రం ఆదివారం సెలవు ఎవడిచ్చాడురా?" అంది. అక్కడ దొరికిపోయాను. కాబట్టి అడుగుతున్నా: చర్చి గడప తొక్కని మన ఇళ్ళలో కూడా అటునుంచి వచ్చి కలిసిపోయినవి ఏమున్నాయి? మతమార్పిళ్ళ గొడవ ఇక్కడ వద్దు, దానికి వేరే థ్రెడ్ ఉంది.

#2 కృష్ణలంక_కుర్రాడు

చర్చా వేదికని చర్చి వేదిక చేసేశారుగా అన్నా!

నా వంతు: కాన్వెంట్. ఆ మాటకి కన్యాస్త్రీలు ఉండే మఠం అని అర్థం. మన దగ్గర? ఇంగ్లీషు మీడియం అయితే చాలు. మా వీధిలో రెండు గదుల పెంకుటింట్లో ఒకటుండేది. పేరులో ముందు సరస్వతి, చివర కాన్వెంటు. నడిపేది ఒక రిటైరైన తాసిల్దారు గారు, పొద్దున్నే సంధ్యావందనం చేసి, విభూతితోనే బళ్ళోకి వచ్చేవారు. మా నాయనమ్మ ఇప్పటికీ నా చెల్లెలి కూతుర్ని "కాన్వెంట్లో ఏశారా?" అనే అడుగుతుంది.

#3 పలక_బలపం

జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 31 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. కాన్వెంటు దాకా ఎందుకు, సర్కారు బడిలోనే ఉంది చూడండి: ప్రేయర్.

"ప్రేయర్ బెల్ కొట్టారు", "ప్రేయర్‌కి లేటు", "ప్రేయర్ అయ్యాక హెడ్మాస్టరు గారు పిలుస్తున్నారు". నా ఉద్యోగమంతా ఈ మాటలతోనే గడిచింది. ఆ ప్రేయర్‌లో మేము చేసింది ఏమిటి? వందేమాతరం, మా తెలుగు తల్లికి, ప్రతిజ్ఞ, వార్తలు, చివర జనగణమన. ఆ ప్రతిజ్ఞ మన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ఉండగా తెలుగులో రాసింది. అంటే దేశమంతా రోజూ చెప్పే తెలుగువాడి ప్రతిజ్ఞని, మిషన్ బడుల నుంచి వచ్చిన పేరు కింద, ఎండలో వరసగా నిలబడి చెప్పించాం. ఆ వరసలో ముస్లిం పిల్లలూ ఉన్నారు, లంబాడా పిల్లలూ ఉన్నారు. ఒకసారి కొత్తగా వచ్చిన మాస్టారొకరు దాన్ని "ప్రార్థనా సమావేశం" అనమన్నారు. వారం రోజులు అన్నాం.

#4 మూడో_షిఫ్ట్

నైట్ డ్యూటీలో ఉన్నాను, రెండు ముక్కలు చెప్పి పోతా.

నేను స్టాఫ్ నర్సుని. నా పేరు మా వార్డులో ఎవరికీ అక్కర్లేదు. "సిస్టర్, సెలైన్ అయిపోయింది". ఎనభై ఏళ్ళ తాతగారూ సిస్టర్ అంటారు, ఆయన మనవడూ సిస్టర్ అంటాడు. వరసలు కలిపితే ఆ ఇంట్లో నేనెవర్నో నాకే తెలియదు. మగ నర్సులు వచ్చాక వాళ్ళని "బ్రదర్" అనడం మొదలైంది. మొన్న ఒక పెద్దావిడ మా బ్రదర్‌ని పట్టుకుని "సిస్టర్ బాబూ" అని పిలిచింది.

ఐరోపాలో రోగులని చూసుకునే పని చాలాకాలం కన్యాస్త్రీలది, వాళ్ళు సిస్టర్లు. మన దగ్గర కూడా ఆడవాళ్ళకి ఆసుపత్రులు పెట్టింది మొదట మిషన్లవాళ్ళే చాలాచోట్ల. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ అనే అమెరికా దొరసాని 1898లో ఆసుపత్రి తెరిచారు, ఇప్పటికీ ఊరు దాన్ని ఆవిడ పేరుతోనే పిలుస్తుంది. మా ట్యూటర్ మేడమ్ తరానికి తలమీద తెల్ల టోపీ ఉండేది. ఆ టోపీ కూడా కన్యాస్త్రీల ముసుగు నుంచి కుంచించుకుపోయి వచ్చిందే. మాకు లేదు, హాయి.

అబ్బులు గారూ, నేను జర్మనీ కోసం బీ1 అనే జర్మన్ భాష పరీక్షకి చదువుతున్నాను. అక్కడ కూడా ఇదే పిలుపా?

#5 హాలె_అబ్బులు

మూడో_షిఫ్ట్ గారూ, అదే పిలుపండీ! ష్వెస్టర్ అంటే అక్కాచెల్లెలే. నర్సుని క్రాంకెన్‌ష్వెస్టర్ అంటారు, రోగుల సిస్టర్ అన్నట్టు. 2020 నుంచి చదువుకి పేరు మార్చారు, మీ పట్టా మీద ఫ్లేగెఫాఖ్‌ఫ్రావ్ అని ఉంటుంది. కానీ వార్డులో ముసలాయన మాత్రం ష్వెస్టర్ అనే కేకేస్తాడు. నోరు తిరగని కొత్త పేరు నేర్చుకునే ఓపిక ఆయనకేదీ.

#6 తిథి_వార_నక్షత్రం

అందరూ ముచ్చటగా చెప్పుకుంటున్నారు. నాకు ముచ్చటగా లేదు. ఆదివారం సెలవు వాళ్ళది, జనవరి 1 వాళ్ళది, తారీఖులు వాళ్ళవి. "క్రీస్తు శకం" అని రాయకుండా మన శాతవాహనుల గురించి కూడా ఒక వాక్యం రాయలేం. ఇప్పుడు సా.శ., అంటే సామాన్య శకం అని రాస్తున్నారు కొందరు, పేరు మార్చినా లెక్క అదేగా! పుట్టినరోజంటే తిథి చూసుకుని తలంటు పోసుకుని, పెద్దలకి దణ్ణం పెట్టుకుని పాయసం తాగేవాళ్ళం. ఇప్పుడు కేకు మీద కొవ్వొత్తి ఉఫ్ అని ఊదడం. మనం దీపం ఆరిపోయిందని నోటితో అనడానికే జంకి "కొండెక్కింది" అనే జాతి. పుట్టినరోజు నాడు పిల్లాడి చేత దీపం ఊదించి చప్పట్లు కొడుతున్నాం.

జనవరి 1న గుళ్ళు చూడండి. అర్ధరాత్రి నుంచే క్యూలు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ దేవాదాయ శాఖ వైపునుంచి, గుళ్ళలో ఆ రోజు ప్రత్యేక అలంకరణలు చెయ్యొద్దు, మన సంవత్సరాది ఉగాది అని సర్క్యులర్ వెళ్ళింది. ఎవరు విన్నారు?

#7 ఓరుగల్లు_66

తిథి గారూ, కొవ్వొత్తి సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు. ఆదివారం మాత్రం నేను చెప్తాను.

ఏడు రోజుల వారం, సూర్యుడి పేరున ఒక రోజు, ఇవి క్రైస్తవం కనిపెట్టినవి కావు. గ్రహాల పేర్లతో వారాలు రోముకీ వెళ్ళాయి, మనకీ వచ్చాయి. అందుకే వాళ్ళది సన్‌డే, మనది ఆదిత్యవారం. ఆ రోజు పని మానమని చట్టం చేసింది 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి. ఆ ఆజ్ఞలో కూడా "సూర్యుడి రోజు" అనే ఉంది, పైగా రైతులకి మినహాయింపు. వాన కురిస్తే విత్తు ఆగదు కదా.

మనకి ఎవరిచ్చారన్న అబ్బులు అమ్మగారి ప్రశ్నకి సగం జవాబు బొంబాయిలో ఉంది. ఇంగ్లీషు దొరల ఆఫీసులకి ఆదివారం సెలవు ముందునుంచీ ఉంది, మిల్లు కూలీకి లేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన ఫూలే శిష్యవర్గంలోని మనిషి. కూలీలని కూడగట్టి ఏళ్ళ తరబడి అడిగి, 1890 జూన్ 10న మిల్లు యజమానుల చేత వారానికొక సెలవుకి ఒప్పించాడు. ఆదివారమే ఎందుకయ్యా అంటే, అది మరాఠీల దేవుడు ఖండోబా రోజని చెప్పారు. చర్చి రోజు అని కాదు.

ఇక మా వైపు కథ వేరు. నిజాం రాజ్యంలో సెలవు శుక్రవారం. మా నాయిన ఉర్దూ మీడియంలో చదివినప్పుడు శుక్రవారమే ఇంట్లో ఉండేటోడు. 1948 తర్వాత ఆదివారం అయింది. "ఒక వారమంతా ఏ రోజు బడి ఉందో మర్చిపోయినం" అనేవాడు. ఫసలీ అనే పాత రెవెన్యూ సంవత్సరాల లెక్క అయితే ఇప్పటికీ పోలేదు. పాత పహాణీ తీసి చూడండి, సంవత్సరం ఫసలీలో ఉంటుంది, దానికి 590 కలుపుకోవాలి. భూమి కాగితం మీద ఒక పాలన, గోడ మీది క్యాలెండర్లో ఇంకొకటి.

#8 పేట_పిల్ల

కొవ్వొత్తి సంగతి నేను చెప్తాను, తిథి గారు కొంచెం కుదుటపడతారు. మొదటి తరాల క్రైస్తవులకి అసలు పుట్టినరోజులంటేనే గిట్టేది కాదు. మూడో శతాబ్దంలో ఆరిజెన్ అనే పండితుడు, గ్రంథంలో పుట్టినరోజులు చేసుకున్నది ఫరో, హేరోదు లాంటి పాపులే తప్ప భక్తుడెవడూ కాదని ఈసడించాడు. కేకు మీద వయసుకి తగినన్ని కొవ్వొత్తులు పెట్టిన పాత దాఖలా ఒకటి జర్మనీలోది. 1746లో సిన్‌సెన్‌డోర్ఫ్ అనే ప్రభువు పుట్టినరోజు అలా చేశారు. ఆయన మొరేవియన్లు అనే ప్రొటెస్టెంట్ శాఖకి పెద్ద. కాబట్టి మనిషి క్రైస్తవుడే, ఆచారం గ్రంథంలోది కాదు. ఇంట్లో పిల్లల పండగగా పెరిగింది.

ఇంకోటి, మీకు నచ్చేది. ఈస్టర్ ఏ రోజో ఎలా తేలుస్తారో తెలుసా? మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటాక వచ్చే ఆదివారం. తిథీ వారమూ రెండూ కలవాలి. ఆ లెక్క జారిపోతోందనే 1582లో పోపు గ్రెగరీ క్యాలెండర్ సరిచేయించి అక్టోబరు 4 మర్నాడు 15 అన్నాడు. ఇంగ్లండ్ మొండికేసి 1752 దాకా ఒప్పుకోలేదు. మీరు రోజూ చూసే ఆ ఇంగ్లీషు తారీఖు వెనక ఉన్నది ఒక పున్నమి గొడవ.

#9 తిథి_వార_నక్షత్రం

పున్నమి తర్వాత ఆదివారమా! ఇది నాకు తెలియదు. మా నాన్నగారు ఉంటే సంతోషించేవారు, ఆయన ప్రతి ఏడూ గుడ్‌ఫ్రైడే తారీఖు ఎందుకు మారుతుందని అడిగేవారు.

కొవ్వొత్తి మీద నా అభిప్రాయం మారలేదు.

#10 బేకరీ_బాబాయ్

కేకు పేరెత్తారు కాబట్టి నేను రావాలి. ఇరవై రెండేళ్ళుగా బేకరీ. డిసెంబరు 20 దాటాక ప్లమ్ కేకు కొనేవాళ్ళలో సగానికి పైగా పండగ లేనివాళ్ళే. "ఆ బ్లాక్ కేక్ వచ్చిందా?" అంటారు. డిసెంబరు 31 రాత్రయితే ఇక మతమే లేదు, క్రీము ఒక్కటే. ఎగ్‌లెస్ అడిగేవాళ్ళు మాత్రం ఏటికేడు పెరుగుతున్నారు.

#11 కృష్ణలంక_కుర్రాడు

మా ఫ్యామిలీ గ్రూపులో ప్రతి ఏడూ ఒక మావయ్య "హ్యాపీ గుడ్ ఫ్రైడే" అని పువ్వుల బొమ్మ పెడతాడు. "మావయ్యా, అది శిలువ వేసిన రోజు" అంటే, "మరి గుడ్ అని ఎందుకు పెట్టార్రా" అంటాడు. నా దగ్గర జవాబు లేదు.

#12 నల్లకోటు

కోర్టువాళ్ళ తరఫున రెండు.

మా మెడలో కట్టుకునే ఆ రెండు తెల్ల గుడ్డముక్కలు, బ్యాండ్ అంటాం. పాదిరీల నుంచి తెచ్చుకున్నామని ఒక జూనియర్ వాదించాడు. అలా కాదు. ఒకప్పటి ఇంగ్లండ్‌లో అందరూ వేసుకున్న కాలరు అది. మిగతావాళ్ళు వదిలేశారు, వకీళ్ళూ పాదిరీలూ మాత్రం వదల్లేదు. స్నాతకోత్సవం గౌను అయితే నేరుగా చర్చి సరుకే, పాత యూనివర్సిటీల్లో చదువుకున్నవాళ్ళు మతాధికారుల వర్గం కాబట్టి. 2010లో భోపాల్‌లో ఒక స్నాతకోత్సవంలో అప్పటి కేంద్ర మంత్రి జైరామ్ రమేశ్ ఉక్కపోతకో ఉక్రోషానికో గౌను విప్పి పక్కన పెట్టి, ఇది అనాగరికమైన వలస పాలన అవశేషం అన్నారు. మే నెలలో కోటు వేసుకుని విజయవాడ కోర్టు మెట్లెక్కేవాడిగా నేను ఆయన పక్షం.

రెండోది పెద్దది. రోడ్డు ప్రమాదంలో పడినవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసులు మనల్నే తిప్పుతారని భయం కదా. సుప్రీంకోర్టు 2016లో, ఆ తర్వాత 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 134ఏ సెక్షన్‌లో, అలాంటివాళ్ళకి రక్షణ ఇచ్చారు. చట్టంలో ఆ మనిషి పేరేమిటో తెలుసా? గుడ్ సమరిటన్, అంటే మంచి సమరయుడు. యెరూషలేము నుంచి యెరికోకి పోయే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు చూసి పక్కనుంచి పోతాడు, లేవీయుడు పోతాడు, ఎవరూ తాకని సమరయుడు ఆగి గాయాలు కడతాడు. లూకా సువార్త పదో అధ్యాయం. మన పార్లమెంటు చేసిన చట్టంలో ఆ కథ ఒక నిర్వచనంగా కూర్చుంది. 2021లో 5,000 రూపాయల బహుమతి పెట్టినప్పుడు కూడా అదే పేరు. 2025లో దాన్ని 25,000 చేసి, పథకం పేరు రాహ్‌వీర్ అని మార్చారు. సెక్షన్‌లో మాత్రం సమరయుడు అలాగే ఉన్నాడు.

#13 అరుగు_మీద_ముచ్చట

మేస్త్రి, ఇస్త్రీ, అల్మారా, తువ్వాలు, వేలం, కాజా, బొత్తం... ఇవన్నీ పోర్చుగీసు పాదిరీలు తెచ్చిన మాటలేనట! మన బట్టలు, మన ఇల్లు అంతా చర్చే!

#14 పలక_బలపం

నాయనా, మాటలు పోర్చుగీసువే. తెచ్చింది పాదిరీలు కారు, ఓడ సరుకు అమ్ముకునేవాళ్ళు. వేలం పాటలో భక్తి ఎక్కడుంది? ఆ జాబితాలో చర్చి మాట ఒక్కటే, నువ్వు రాసిన "పాదిరి". దర్జీ కొట్లో కాజా కుట్టించుకుంటే బాప్తిస్మం అయినట్టు కాదు.

#15 వేదిక_నిర్వాహకుడు

రెండు వ్యాఖ్యలు తొలగించాను. అబ్బులు గారు మొదటి టపాలోనే చెప్పారు, ఆ గొడవకి వేరే థ్రెడ్ ఉంది.

#16 పేట_పిల్ల

నాలుగు రోజులుగా చదువుతున్నాను. మొన్న ఈస్టర్ గురించి సరదాగా రాశాను గానీ, చెప్పాల్సింది వేరే ఉంది.

మీరు ఆనవాళ్ళు అంటున్నవి మాకు ఇల్లు. మనం కాపురముంటున్న ఇంట్లోకి పురావస్తు శాఖవాళ్ళు టేపు పట్టుకొచ్చి "ఈ గుమ్మం ఏ కాలంది?" అని కొలుస్తుంటే ఎలా ఉంటుందో, ఈ థ్రెడ్ నాకలా ఉంది. కోపం కాదు. కొంచెం నవ్వొచ్చింది, అంతే.

కృష్ణలంక తమ్ముడు కాన్వెంటు అన్నాడు. మా తాత చదివింది మిషన్ బడి. రెండూ ఒకటి కావు. కాన్వెంటుకి ఫీజుంటుంది, టై ఉంటుంది, ఊళ్ళో పరువుంటుంది. మిషన్ బడిలో పలక వాళ్ళే ఇచ్చేవాళ్ళు. ఊరి బడి అరుగు ఎక్కనివ్వని రోజుల్లో మా పేట పిల్లల చేత అ ఆలు దిద్దించింది అది. మీకు గుర్తున్నది కాన్వెంటు, మాకు గుర్తున్నది మిస్సమ్మ. పెళ్ళి చేసుకోకుండా బడీ ఆసుపత్రీ నడిపిన ఆ తెల్ల దొరసానుల్ని మా నాయనమ్మ మిస్సమ్మలనే అనేది.

మా అమ్మవైపు వాళ్ళది ఒంగోలు దిక్కు. ధాత కరువులో క్లౌ దొర అని అమెరికా బాప్టిస్టు మిషనరీ ఒకాయన, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని పెట్టించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కూటికోసం కలిశారని అనేవాళ్ళుంటారు. పని చేసి కూలి తీసుకున్నారు. ఆ తర్వాత తలెత్తి కూర్చునే చోటు ఒకటి దొరికింది. ఏది దేనికోసమో అంత సులువుగా విడదీయగలిగితే మీరు విడదీయండి.

ఇక పేర్లు. మా నాన్నకి బడి రికార్డులో ఒక పేరు, గుళ్ళో ఒక పేరు. రెండో పేరు వింటేనే ఆయన మొహం విప్పారేది. ఎందుకలా అని అడిగే ముందు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు గురించి చదవండి. మతం మారిన దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. ఆంధ్రలో బీసీ-సీ అవుతాడు. పేట మారదు, పిలుపు మారదు, కాగితం ఒక్కటే మారుతుంది. మీ ఇంట్లో ఆనవాలు కనిపించనంతగా కలిసిపోవడం మీ అదృష్టం. మాకు కలిసిపోవడానికి కూడా సర్టిఫికెట్ అడుగుతారు.

అవునూ, మేం గుడి అనే అంటాం, చర్చి అని ఇంట్లో ఎవరూ అనరు. మా గుళ్ళో పెళ్ళికి తాళి కడతారు. మా కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి. అబ్బులు గారి ఆఫీసులో చెప్తే నమ్మరు. మీరు ఇప్పుడు నిశ్చితార్థంలో ఉంగరాలు మార్చుకుంటున్నారు, మేం ఎప్పటినుంచో తాళి కట్టుకుంటున్నాం. బాకీ చెల్లు.

చివరగా ఒక మాట బహుమతి. టాలెంట్. అసలు అది వెండి తూచే ఒక బరువు. యజమాని ముగ్గురు దాసులకి సొమ్ము అప్పగించి ఊరెళ్తాడు, ఒకడు దాన్ని భూమిలో పాతిపెట్టి తిట్లు తింటాడు. మత్తయి సువార్తలోని ఆ కథ వల్లే ఆ మాటకి నేర్పు అనే అర్థం వచ్చింది. తెలుగు బైబిల్లో అది "తలాంతు". మా పాస్టరమ్మ ఇప్పటికీ, "ఆ పిల్లకి పాడే తలాంతు ఉంది" అంటుంది. టీవీలో టాలెంట్ షో వచ్చినప్పుడల్లా మా ఇంట్లో తలాంతుల పోటీ అంటాం.

#17 కృష్ణలంక_కుర్రాడు

అక్కా, తలాంతు నేను వాడేసుకుంటున్నా. మిగతాది రెండుసార్లు చదివాను.

#18 తిథి_వార_నక్షత్రం

పేట_పిల్ల గారూ, మా ఊళ్ళో మా ఇంటి వెనక వీధి మిషన్ బడిదే. ప్రహరీ మీద నుంచి పాటలు వినబడేవి. ఆ బడి పిల్లలు మా చెరువు గట్టు మీద నుంచి కాకుండా చుట్టూ తిరిగి ఎందుకు వెళ్ళేవాళ్ళో నాకు పదేళ్ళొచ్చేదాకా తెలియదు. తెలిశాక కూడా ఎవర్నీ అడగలేదు. మీరు రాసింది చదివాక అది గుర్తొచ్చింది. ఇంతకంటే రాయడం చేతకావడం లేదు.

#19 మూడో_షిఫ్ట్

మందుల షాపు బోర్డు మీద ఎర్ర ప్లస్ గుర్తు సంగతి ఎవరూ ఎత్తలేదేం? అది రెడ్ క్రాస్ గుర్తు. 1864 జెనీవా ఒప్పందంలో స్విట్జర్లాండ్ జెండాని రంగులు తిరగేసి పెట్టుకున్నారు. మతం లేదనే చెప్తారు. కానీ 1876లో టర్కీ సుల్తాను సైన్యం మాకు శిలువ వద్దని నెలవంక పెట్టుకుంది. మన దేశంలో 1960 చట్టం ప్రకారం డాక్టర్లూ షాపులూ ఆ ఎర్ర గుర్తు వాడకూడదు, మాకు క్లాసులో చెప్పారు. మా ఆసుపత్రి ఎదురుగా వరసగా నాలుగు షాపులకీ ఉంది.

#20 హాలె_అబ్బులు (శనివారం)

అందరికీ థాంక్స్. పేట_పిల్ల గారూ, మీ టపా చదివాక నా పాల గోల నాకే చిన్నగా అనిపించింది. కానీ దానివల్లే ఒకటి దొరికింది, వినండి.

నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే ట్రామ్ ఫ్రాంకెప్లాట్స్ అనే చోట ఆగుతుంది. పక్కన పెద్ద పాత కట్టడాల వరస. 1698లో ఫ్రాంకె అనే పాదిరి కట్టడం మొదలుపెట్టిన అనాథాశ్రమం, బడి, ముద్రణాలయం. మూడేళ్ళుగా కిటికీలోంచి చూస్తున్నానే గానీ దిగలేదు. ఇవాళ దిగాను. ఈ ఊరితో సంబంధం ఉన్న బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ పాదిరి 1719లో తరంగంబాడికి వెళ్ళాడు, తర్వాత మద్రాసులో ఉన్నాడు, తెలుగు నేర్చుకున్నాడు, 1743లో తిరిగొచ్చాడు. 1746, 47లలో ఈ ఊళ్ళోనే తెలుగు పుస్తకాలు అచ్చేయించాడు. అందులో ఒకటి లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరి. తెలుగులో మొట్టమొదటి అచ్చు పుస్తకాలు ఇవే.

ఆ ఆవరణలో ఒక గంట తిరిగాను. అచ్చులో "అ" మొదట పడింది బందరులోనో మద్రాసులోనో కాదు, నాకు పాలు దొరకని ఈ ఊళ్ళో. అమ్మకి ఫోన్ చేస్తే, "అయితే ఇవాళైనా పాలు కొన్నావా?" అంది.

#21 పలక_బలపం

భేష్ అబ్బులూ. ఒక చిన్న దిద్దుబాటు మిగతావాళ్ళకి: ఈ వరసలో బ్రౌన్ దొరని కూడా పాదిరీ అనేస్తారు చాలామంది. కాదు. సి.పి. బ్రౌన్ కంపెనీ కొలువులో ఉద్యోగి. వాళ్ళ నాన్న కలకత్తాలో చర్చి చాప్లెయిన్. 1852 నాటి ఆయన నిఘంటువు నా బల్ల మీదే ఉంది, అట్ట ఊడిపోయింది.

#22 తిథి_వార_నక్షత్రం

బేకరీ_బాబాయ్ గారూ, ఈ మాట ఇక్కడ అడగొచ్చో లేదో. మీదీ మా ఊరేనని పాత థ్రెడ్‌లో చూశాను. రేపు ఆదివారం మా మనవరాలి పుట్టినరోజు, తిథి ప్రకారం కాదు, తారీఖు ప్రకారం. ఎగ్‌లెస్ ఒక కిలో కావాలి. కొవ్వొత్తి వద్దు, పక్కన కుందిలో దీపం వెలిగిస్తాం. పొద్దున తొమ్మిదికి వస్తే ఇస్తారా?

#23 బేకరీ_బాబాయ్

తప్పకుండా సార్. కాకపోతే తొమ్మిదికి కుదరదు. మా కేక్ మాస్టర్ ఆదివారం పొద్దున గుడికెళ్తాడు, పదకొండున్నర దాటితేగానీ రాడు. రెండింటికి రెడీ చేసి ఉంచుతా.

#24 తిథి_వార_నక్షత్రం

సరే, మూడింటికి వస్తాను. నాలుగున్నర నుంచి రాహుకాలం, ఈలోపే ఇంటికి చేరాలి.